బ్రష్ పట్టే ముందు గుర్రం ముఖం చూడు

దేవరకొండ

చిరంజీవి అల్లునికి,

మామ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. బరాత్‌ల కోసం తెచ్చిన రెండు గుర్రాల్ల తెల్లది కదలక మెదలక మాలీసు చేయించుకుంటది గని, ఎర్రది మాత్రం పొత్తికడుపు కాడ బ్రష్ పెడ్తే మెడ తిప్పి పండ్లు చూపిస్తున్నదని రాసినవు. కొట్టి లొంగదీయాల్నా, బెల్లం పెట్టి మరిపించాల్నా అని అడిగినవు. రెండూ వద్దు. ఎర్రది నీతోని మాట్లాడుతున్నది, ఆ మాట తెలుసుకుంటే సగం పని అయితది. నాకైతే ఎర్రదాని కన్న నీ తెల్లదాని మీదనే ఎక్కువ అనుమానం. ఎందుకో కింద రాస్త.

మందల ఉన్న గుర్రాలు మనిషి లేకున్నా మాలీసు చేసుకుంటయి. రెండు గుర్రాలు ఒకటి అటు, ఒకటి ఇటు తల పెట్టి నిలబడి, ఒకదాని మూపును ఇంకొకటి ముందరి పండ్లతోని గోకుతుంటయి. దొరికిన ప్రతిదానితోని అట్ల చెయ్యవు, సోపతి కుదిరినదానితోనే. జూలు అయిపోయి వీపు మొదలయ్యే కాడ ఎత్తుగ ఉంటది చూడు, అదే మూపు. ఫ్రాన్స్ దక్షిణాన కమార్గ్ తడి నేలల్ల ఉండే గుర్రాల మీద చేసిన పరిశోధన ఒకటి 1993ల అచ్చయింది. మనిషి చేతితోని మూపు కాడ గోకితే గుర్రం గుండె వేగం తగ్గిందని, జబ్బ మీద గోకితే ఆ గుణం కనబడలేదని అండ్ల తేలింది. అందుకని మాలీసు ముఖం కాడ మొదలువెట్టకు, కాళ్ల కాడ అసలే మొదలువెట్టకు.

ఎడమ జబ్బ దిక్కు నుంచి, మాట వినిపిస్తూ పో. నుదుటికి సూటిగ ముందర, తోకకు సూటిగ వెనక గుర్రానికి కనబడదు. కనబడని జాగల నుంచి చెయ్యి వస్తే ఎంత మంచి గుర్రమైనా ఉలిక్కిపడ్తది. ముందుగల బ్రష్ వాసన చూడనియ్యి. తర్వాత వట్టి చేతి నాలుగు వేళ్ల కొసలతోని మూపు మీద గట్టిగనే గోకు, రెండు నిమిషాలు. చరచకు. మనకు అది శభాష్ అన్నట్టు ఉంటది గని, గుర్రాలు ఒకదాన్నొకటి చరుచుకోవు. గోకుడే వాటికి తెలిసిన మర్యాద.

చెయ్యి పని చేస్తుంటే కన్ను ముఖం మీదనే ఉండాలె. నచ్చినప్పుడు మెడ వదులైతది, మరీ పైకి లేవదు. కండ్లు సగం మూస్తది. పై పెదవి ముందరికి సాగి సన్నగ వణుకుతది, ఒక్కోసారి పక్కకు వంకర పోతది. వెనక కాలు ఒకటి సడలించి గిట్ట కొసను నేలకు ఆనిస్తది. గోకుడు ఆపితే నీ దిక్కే ఒరుగుతది. ఫ్రాన్స్‌లనే 2018ల వచ్చిన ఇంకొక పరిశోధనల గుర్రాలను రెండు జట్లు చేసిన్రు. ఒక జట్టుకు దాని ముఖం చూసుకుంట, నచ్చిన కాడ ఎక్కువ సేపు, నచ్చని కాడ ఆపి మాలీసు చేసిన్రు. ఇంకో జట్టుకు ఏం పట్టించుకోకుండ వరుస ప్రకారం చేసిన్రు. మొదటి జట్టుల సగం మూసిన కండ్లు, సాగిన పెదవి కనబడ్డయి. రెండో జట్టు గుర్రాలు మెడ బాగ పైకెత్తి, కండ్లు పెద్దగ తెరిచి నిలబడ్డయి. బ్రష్ అవే, తేడా చేతిలనే ఉన్నది.

ఒక సంగతి చాలమంది తప్పు చదువుతరు. మూపు గోకుతుంటే గుర్రం తల తిప్పి పెదవితోని నీ భుజం, అంగీ నములబోతది. అది కరుచుడు కాదు, నువ్వు గోకుతున్నవని అది కూడ నిన్ను గోకుతున్నది. అప్పుడు మూతి మీద కొడితే, సోపతికి వస్తే దెబ్బ పడ్తదని నేర్చుకుంటది. అట్లని ఊరుకోకు, దాని పండ్లకు మన తోలు ఆగదు. అరచెయ్యితోని చెంపను నిదానంగ పక్కకు తోసి, నువ్వు జర వెనక్కు జరిగి నిలబడు. నీ ఎర్రది పండ్లు చూపినప్పుడు పెదవి వదులుగ సాగి ఉన్నదా, మూతి బిగుసుకొని ముక్కు మీద ముడతలు పడ్డయా? మొదటిదైతే భయం లేదు, రెండోదైతే నచ్చలేదని చెప్తున్నట్టు.

నచ్చనిదాన్ని గుర్రం మెట్లు మెట్లుగ చెప్తది. మొదలు నోరు బిగబడ్తది, ముక్కు పుటాల వెనక ముడత లేస్తది, కంటి పైన తోలు మూడు మూలలుగ అయితది. తర్వాత తోక విసురుతది, ఒంటి బరువు నీకు దూరంగ జరుపుతది. ఆ తర్వాత చెవులు మెడకు అతుక్కుంటయి. దాని పైన పండ్లు, ఆఖరుకు కాలు. కింది మెట్ల మీద చెప్పినప్పుడు వినకపోతేనే పైకి ఎక్కుతది. చెవులు వెనక్కు పెట్టినందుకు కొట్టినవనుకో, చెవులు పెట్టుడు మానేస్తది, కోపం మానదు. తర్వాతసారి చెప్పకనే తంతది. "ఊరికెనే తన్నింది" అనే మాట వెనక చాలసార్లు ఇదే ఉంటది.

బరాత్ గుర్రాల్ల మార్వాడీ, కాఠియావాడీ రక్తం ఎక్కువ. వాటి చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకుతయి. కొనలను చూసి అంచనా వెయ్యకు, చెవి మొదలు ఎటు తిరిగిందో చూడు.

ఇగ తెల్లదాని సంగతి. కదలకుండ నిలబడ్డదంటే ఇష్టపడ్డదని కాదు. మెడ వెన్నుతోని సమానంగ చాచి, కండ్లు తెరిచే ఉన్నా దేన్నీ చూడకుండ, చెవులు అటు ఇటు తిప్పకుండ, ఈగ వాలినా పట్టించుకోకుండ ఉంటే, అది చెప్పి చెప్పి విసిగి ఊకున్న గుర్రం. లేకుంటే ఒంట్ల బాగలేనిది. హాయిగ ఉన్నదానికీ, చాలించుకున్నదానికీ తేడా పెదవి కాడ తెలుస్తది: హాయిగ ఉన్నదాని పెదవి ఆడుతది, దీనిది ఆడదు. గుండె కూడ లెక్కపెట్టు. ఎడమ మోచేయి వెనక స్టెతస్కోప్ పెట్టి 15 సెకండ్లు లెక్కించి నాలుగుతోని గుణించు. ఊరకున్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉండాలె. బ్రష్ కనబడంగనే ఆ లెక్క దాటి ఎగబాకుతున్నదంటే, పైకి కదలకున్నా లోపల భయం ఉన్నట్టే. అసొంటిదానికి వారం రోజులు బ్రష్ పక్కన పెట్టి వట్టి చేతితోని మూపు గోకు. ఏ కాడ పెదవి కదిలిందో గుర్తు పెట్టుకొని, రోజూ అక్కడ్నే మొదలువెట్టు.

సామాను ఎక్కువ అక్కర్లేదు. ఒంటి మురికి రుద్ది లేపే రబ్బరు పండ్ల గొరపం ఒకటి, గట్టి కుచ్చు బ్రష్ ఒకటి, మెత్తటి బ్రష్ ఒకటి, గిట్టలు గీకే కొక్కెం, రెండు స్పాంజీలు. కండ్లకు, ముక్కుకు ఒక స్పాంజి, తోక కిందికి వేరేది. గొరపాన్ని గుండ్రంగ తిప్పుతూ మెడ, జబ్బ, తొడ కండల మీదనే ఆడించు. వెన్నెముక, మోకాళ్లు, ముఖం మీద ఎముక తోలుకు ఆనుకొని ఉంటది, అక్కడ గొరపం పెడ్తే నొప్పి. ఇనుప పండ్లది ఒంటికి వద్దు, బ్రష్‌ల ఇరికిన దుమ్ము దులుపుకోవడానికి పనికొస్తది. మెత్తటి బ్రష్ వెంట్రుక వాలు పొంటి, చెయ్యి బరువు ఆనించి ఒకటే తీరుగ లాగు. మరీ తేలికగ తాకితే ఈగ వాలినట్టయి తోలు విదిలిస్తది. బుగులుపడి మెల్లగ రుద్దేటోళ్లతోని గుర్రం ఎక్కువ చిరాకు పడేది ఇందుకే.

కట్టేటప్పుడు ఇనుప కొండికి నేరుగ కట్టకు. కొండికి గోనె పురికొస ఒక చుట్టు వేసి, తాడును ఆ పురికొసకు, ఒక్క గుంజుకు ఊడే ముడితోని కట్టు. బెదిరి వెనక్కు లాగితే పురికొస తెగుతది, మెడ బతుకుతది.

ఎర్రదానికి అలవాటు నేర్పే ముందు నొప్పి ఉన్నదేమో చూడు. తంగు, అంటే జీను కదలకుండ పొట్ట కింద కట్టే పట్టీ, బిగించే కాడ వేళ్లతోని ఒత్తుకుంట పో: రాపిడి పుండు, వాపు, వెంట్రుక ఊడిన జాగ, గోమార్లు. గోమార్లు దవడ కింద, చెవుల లోపల, ముందరి కాళ్ల నడుమ, తోక కింద దాక్కుంటయి. చిన్న చిమటాతోని తోలుకు ఆనించి పట్టి, మెలిపెట్టకుండ సూటిగ లాగు. పైకి ఏం లేదంటే కడుపు లోపల పుండు ఉండొచ్చు. గుర్రం కడుపుల ఆమ్లం తిన్నా తినకున్నా ఊరుతనే ఉంటది. గడ్డి లేకుండ గంటలకు గంటలు బరాత్‌ల నిలబెట్టి, రాత్రికి ఉలవలు, దాణా మాత్రమే పోస్తే పుండు పడ్తది, తంగు కాడ చెయ్యి వేస్తే ఓర్వది. ఆడ గుర్రం ఎదకు వచ్చినప్పుడు డొక్కల కాడ ముట్టనియ్యదు. సుమారు 21 రోజులకొకసారి వచ్చి అయిదారు రోజులుంటది, తారీఖులు రాసి పెట్టుకుంటే నీకే తెలుస్తది.

నొప్పి లేదని తేలినంకనే ఇట్ల చెయ్యి. ముందర ఎండుగడ్డి వెయ్యి. మూపు కాడ రెండు నిమిషాలు గోకి, చెయ్యి ఎత్తకుండ పక్కటెముకల మీదుగ కిందికి జరుపు. చెవి నీ చెయ్యి దిక్కు తిరిగి మూతి బిగిసిన కాడ ఆగు. ముందుకు పోకు, చటుక్కున తియ్యకు. చెయ్యి అక్కడ్నే ఉంచి చూడు. పెద్ద ఊపిరి విడిచినా, తల జర దించినా, ఆ క్షణంల చెయ్యి తీసి మళ్ల మూపు గోకు. పండ్లు చూపినంక చెయ్యి తీస్తే పండ్లకు ఫలితం ఉన్నదని నేర్చుకుంటది, అంతదాక రానియ్యకుండ ముందు మెట్టు మీదనే ఆగుడు నీ పని. అయిదారు సార్లు చేసి ఆ పూటకు విడిచిపెట్టు. రేపు ఒక బెత్తెడు కిందికి పో. చెయ్యి కుదిరినంక మెత్తటి బట్ట, బట్ట కుదిరినంక మెత్తటి బ్రష్. పొత్తికడుపు మీద గట్టి కుచ్చు బ్రష్ ఎన్నడూ వద్దు. బెల్లం సంగతి అడిగినవు గద: మాలీసు నడుమ చేతితోని పెడ్తే జేబులు వెతుకుడు, వేళ్లు కొరుకుడు మొదలువెడ్తది. పెట్టాలనుకుంటే అంతా అయినంక బక్కెట్ల వెయ్యి.

బరాత్ నుంచి వచ్చిన రాత్రి మాలీసు వేరు. డీజే చప్పుడు, పటాకులు, జనం నడుమ అది గంటల తరబడి బిగబట్టుకొని ఉంటది. జీను, అద్దాల బట్ట తీసి ముందు నడిపించు, నీళ్లు తాపు. మన నల్లగొండ ఎండాకాలంల ఒళ్లు కాలుతుంటే చల్లటి నీళ్లు పోసి, చేతితోని నీళ్లు వడతీసి, మళ్ల పొయ్యి. వేడి ఒంటి మీద నీళ్లు పోస్తే గుర్రం చెడిపోతదని పాతోళ్లు అంటరు, పట్టించుకోకు. అంత ఎండల చెమటే పట్టకుండ ఒళ్లు పొడిగ ఉండి, ముక్కు పుటాలు పెద్దగ ఆడిస్తుంటే మాలీసు ఆపి డాక్టర్‌ను పిలువు. అద్దాల బట్ట అంచు మూపు మీదనే రాసుకుంటది, అందుకని ఆ రాత్రి గోకే ముందు అక్కడ పుండు ఉన్నదేమో లైటు వేసి చూడు. ఇష్టమైన జాగల నొప్పి పుట్టిస్తే మళ్ల నమ్మకం రావడానికి చాల రోజులు పడ్తది.

జూలుకు అంటుకున్న మరులమాతంగి కాయలను కొబ్బరినూనె రాసి, వెంట్రుకలు విడదీసుకుంట కింది నుంచి పైకి తియ్యి. గిట్టలను మడిమ దిక్కు నుంచి కొస దిక్కు గీకు. పల్లేరు కాయ గుచ్చుకొని ఉంటే ఆ కాలు ఎత్తనియ్యదు, దాన్ని మొండితనం అనుకోకు.

రెండు గుర్రాలకు ఒకే బ్రష్ వాడకు. గజ్జి, తామర బ్రష్‌తోని కూడ పాకుతయి, తామర నీకూ అంటుకుంటది. ముక్కుల నుంచి చిక్కటి చీమిడి, కాళ్ల లోపలి దిక్కు వరుసగ గడ్డలు, పుండ్లు కనబడ్తే ముట్టకు. గ్లాండర్స్ అయితే మనిషికి కూడ వస్తది, వెంటనే పశువుల దవాఖానల చెప్పాల్సిన రోగం అది.

ఎర్రదాని తంగు కాడ చూసి ఏం కనబడ్డదో రాయి. పుండు ఉంటే మాత్రం, పెండ్లోళ్లు ఎంత ఇస్తమన్నా, అది మానేదాక జీను వెయ్యకు.

ఇట్లు,
నీ మేనమామ