ముందు సీట్లు ఊరికే ఇచ్చినా వద్దు, సౌండ్ మిక్సర్ వెనకాల కూర్చోండి

నాలుగేళ్ళ పాపను, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని వెంటబెట్టుకుని ఆరుబయట జరిగే పాటల వేడుకకు వెళ్ళొచ్చా, ఎంత ముందు వెళ్తే ముందు వరుసలో సీట్లు దొరుకుతాయి అని కదా మీరు అడిగింది. శుభ్రంగా వెళ్ళొచ్చు. ముందు వరుస మాత్రం వద్దు. ఈ మాట మీద పదేళ్ళుగా మా చుట్టాలందరితో గొడవ పడుతూనే ఉన్నాను, ఇప్పుడు మీరు దొరికారు.

మా పాపకు నాలుగేళ్ళప్పుడు మేమూ మీలాగే అనుకున్నాం. రెండు గంటల ముందే వెళ్ళి రెండో వరుసలో నాలుగు కుర్చీలు పట్టాం. ఎడమవైపు చివర, స్పీకర్ల గుట్ట పక్కనే. ఇంత మంచి చోటు ఇంకా ఎందుకు ఖాళీగా ఉందా అని ఒక్కరికైనా అనుమానం రావాలి కదా, రాలేదు. యాంకర్ మాట్లాడినంతసేపూ బానే ఉంది. (ఆ మాట్లాడటం అరగంట. పాటలు వినడానికి వచ్చినవాళ్ళ చేత "ఇంకా గట్టిగా, వినపడట్లేదు" అని అరిపించడం ఎవరు కనిపెట్టారో గానీ, ఆ మనిషి దొరికితే రెండు మాటలు అడగాలని ఉంది.)

మొదటి డ్రమ్ము దెబ్బకి నా చేతిలోని సీసాలో నీళ్ళు వణికాయి. పాప ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. రెండు చేతులతో చెవులు మూసుకుని, కళ్ళు కూడా గట్టిగా మూసుకుని బిగుసుకుపోయి కూర్చుంది. మా అమ్మ గబగబా బ్యాగులోంచి దూది తీసి దాని చెవుల్లో పెట్టింది. చెవిలో దూది పెట్టడం మనకి తృప్తి, అంతే. శబ్దాన్ని అది ఆపేది చాలా తక్కువ.

మా ఆవిడ ఫోన్‌లో శబ్దం ఎంతుందో కొలిచే డెసిబెల్ యాప్ తెరిచి నా ముఖం ముందు పెట్టింది. 101. ఫోన్ యాప్ కాబట్టి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. అయినా లెక్క చూడండి. అమెరికాలో నియాష్ అనే సంస్థ పనిచోట్ల కోసం చెప్పిన పరిమితి 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. అక్కణ్ణుంచి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, అలా వస్తే 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. అదీ పెద్దవాళ్ళకి.

లేచాం. మా అమ్మ మోకాళ్ళతో ఆ వరుసలోంచి బయటపడటానికే ఒక పాట అయిపోయింది. ఎవరూ కాళ్ళు ముడవరు. అందరూ ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటున్నారు. వాటిని మళ్ళీ చూసేవాణ్ణి ఒక్కణ్ణీ నేను చూడలేదు.

బయటికి పోదామని నడుస్తుంటే మధ్యలో చిన్న టెంటు కింద, సౌండ్ సరిచేసే మిక్సర్ బల్ల కనిపించింది. దాని వెనకాల నాలుగడుగులు వేశామో లేదో, పాటలో మాటలు వినపడ్డాయి! అప్పటిదాకా విన్నది దడదడ మాత్రమే. ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. సౌండ్ చూసే అబ్బాయి అక్కడ కూర్చుని, తన చెవికి వినిపించేదాన్ని బట్టే అన్నీ సరిచేస్తాడు. అంటే ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళ కోసమే ఆ సౌండ్ తయారవుతోంది. పైగా ఆరుబయట మామూలు స్పీకర్ నుంచి దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ దాకా తగ్గిపోతుంది. కొంచెం వెనక్కి రావడం వల్ల ఎంత లాభమో చూడండి. నా ఉద్దేశంలో ముందు వరుస ఉన్నది సంగీతం వినడానికి కాదు, వచ్చామని నలుగురికీ కనపడటానికి.

మా అమ్మకు కుర్చీ దొరికింది. పాప నా భుజాలెక్కి, దూది పీకి పారేసి, కాసేపటికి నా జుట్టు పట్టి లాగింది. "నాన్నా, ఆయన కర్రతో కొట్టాక చప్పుడొస్తోంది!" చూస్తే నిజమే. స్టేజీకి 70 మీటర్ల దూరంలో ఉన్నాం. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది కాబట్టి అక్కడికి రావడానికి సెకనులో ఐదో వంతు పట్టేస్తుంది. ఆ తర్వాత అది పాటలు విననే లేదు. కర్ర కిందికి దిగగానే "ఇప్పుడు!" అని అరవడం, వెంటనే చప్పుడు రావడం, నవ్వడం. మా అమ్మ కూడా మొదలుపెట్టింది. వాళ్ళిద్దరి "ఇప్పుడు" గోలకి పక్కవాళ్ళు విసుక్కున్నారు కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి కార్యక్రమాలకు ఒక ప్రమాణం పెట్టింది. 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదు, చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్దమైన చోటు ఒకటి ఉండాలి అని. అలాంటి చోటు నాకు ఇంతవరకూ ఎక్కడా కనపడలేదు. అడిగితే వింతగా చూస్తారు.

మీ పాపకు పిల్లల ఇయర్‌మఫ్స్ కొనండి, హెడ్‌ఫోన్‌లా చెవి మొత్తం కప్పేవి. చెవిలో దూర్చే నురగ ప్లగ్గులు పెద్దవాళ్ళకి సరే, చిన్నపిల్లలైతే పీకి నోట్లో పెట్టుకుంటారు. అత్తగారి కోసం వెళ్ళగానే బాత్రూమ్ ఎక్కడుందో చూసి పెట్టుకోండి. చివరి పాటకు ముందే లేచేయండి, ఆ తర్వాత గేటు దగ్గర తోపులాట మామూలుగా ఉండదు.

మా పాపకిప్పుడు పద్నాలుగు. పోయిన నెల స్నేహితులతో ముందు వరుసకే వెళ్ళింది. బ్యాగులో ప్లగ్గులు పెట్టి పంపాను. ప్యాకెట్ విప్పకుండానే తిరిగొచ్చాయి.