అమ్మేవాడే అప్పిస్తానంటే

ప్రశ్న: నాలుగు వాటాల ఇల్లు ఒకటి అమ్మకానికి వచ్చింది, అన్నిట్లోనూ అద్దెకున్నారు. 20 శాతం ఇప్పుడిచ్చి మిగతాది 8 శాతం వడ్డీతో నెలనెలా తనకే కట్టుకోమంటున్నాడు యజమాని. వాయిదా 30 ఏళ్ల లెక్కన, కానీ అయిదేళ్లు నిండగానే మిగిలిన బాకీ అంతా ఒకేసారి తీర్చాలట. అద్దెలతోనే వాయిదాలు వెళ్లిపోతాయంటున్నాడు. కొనమంటారా?

జవాబు: బ్యాంకు చుట్టూ తిరిగే టెన్షన్ లేదన్న సంతోషంలో ఆ అయిదేళ్ల షరతును మీరు తేలిగ్గా తీసుకున్నట్టున్నారు. దాన్ని బెలూన్ పేమెంట్ అంటారు (పేరు మాత్రం ముచ్చటగా ఉంటుంది). ధర 100 అనుకుందాం, ఏ డబ్బులోనైనా లెక్క ఒకటే. 20 ఇచ్చారు, అప్పు 80. ఏడాదికి 7 పైచిలుకు చొప్పున ఒక్క నెల కూడా తప్పకుండా కడితే అయిదేళ్లలో 35 కట్టేస్తారు. అప్పటికి బాకీ ఎంతుంటుంది? 76. కట్టిన దాంట్లో 31 వడ్డీకే పోయింది, అసలు తగ్గింది నాలుగే. ఆ 76 తేవాలంటే అప్పుడైనా బ్యాంకు గుమ్మం ఎక్కాల్సిందే, ఆ రోజుకి వడ్డీలు పెరిగి ఉన్నా, ఇంటి ధర పడిపోయినా, మీ ఉద్యోగం అటూ ఇటూ అయినా వాళ్లు ఇవ్వకపోవచ్చు.

అందుకే వడ్డీలో అర శాతం తగ్గించమని బేరమాడే ఓపికేదో గడువు మీద పెట్టండి. పదేళ్లు అడగండి. ఒప్పుకోకపోతే, వాయిదాలు సక్రమంగా కట్టినవాడికి ఇంకో రెండేళ్లు పొడిగింపు ఇవ్వాలని రాయించుకోండి. నేనైతే దానికోసం ధర కాస్త ఎక్కువైనా ఇస్తాను. ముందే తీర్చేస్తే జరిమానా ఉండకూడదని కూడా అందులోనే రాయించండి.

అద్దెతో వాయిదాలు వెళ్లిపోతాయన్న మాట ఆయన లెక్క, మీది కాదు. ఏడాదికి 9 అద్దె వచ్చినా ఖాళీ నెలలు, రిపేర్లు, పన్ను, ఇన్సూరెన్స్ కలిసి మూడో వంతు తినేస్తే మిగిలేది 6, కట్టాల్సింది 7. ఆ ఒకటీ ఏటా మీ జీతంలోంచి పోతుంది. ఆయన కాగితం మీద రాసిచ్చిన అద్దెలు కాదు, ఏడాదిగా ఖాతాలో పడిన అద్దెలు చూపించమనండి.

అసలు ఆయనెందుకు అప్పిస్తున్నాడో అడిగారా? నెలనెలా ఆదాయం కావాలనుకుంటే మంచిదే, చాలామంది పెద్దవాళ్లు అలాగే ఇస్తారు. ఆ ఇంటి మీద ఏ బ్యాంకూ అప్పివ్వకపోవడం వల్లయితే మాత్రం కాగితాల్లోనో గోడల్లోనో ఏదో ఉంది. ఇంటి మీద ఆయనకే పాత అప్పుంటే ఇంకా జాగ్రత్త. మీరు కట్టే డబ్బు ఆయన ఆ బ్యాంకుకి కట్టకపోతే ఇల్లు పోయేది మీకే, పైగా ఇల్లు చేతులు మారితే బాకీ మొత్తం వెంటనే కట్టమనే షరతు చాలా అప్పు పత్రాల్లో ఉంటుంది. మీ తరఫున మీ లాయరే చూడాలి, ఇద్దరికీ కలిపి ఒకే లాయరు వద్దు.

బాకీ అంతా తీరాకే రిజిస్ట్రేషన్ చేస్తానంటే నేనైతే కొనను. ఇల్లు ఇప్పుడే మీ పేరుకి మారాలి, ఆయన అప్పుకి అది తాకట్టుగా ఉండాలి. లేకపోతే మధ్యలో రెండు వాయిదాలు తప్పితే ఇచ్చిన 20 కూడా వెనక్కి రాని పరిస్థితి రావచ్చు.

అన్నట్టు, నాలుగు వాటాల వాళ్లూ కట్టిన డిపాజిట్లు ఇప్పుడు ఆయన దగ్గరే ఉన్నాయి. అవి మీరిచ్చే 20లోంచి తగ్గించుకోండి, ఎందుకంటే ఖాళీ చేసేటప్పుడు వాళ్లు అడిగేది మిమ్మల్నే.