బారిస్టర్ కోర్సుకు ఫీజు కట్టే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి శ్రావ్యకు అత్త ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాను. ఐదేళ్ల లా డిగ్రీ చేతికొచ్చింది, ఇంగ్లండ్ వచ్చి బారిస్టర్ కావాలని ఉంది, ఏ యూనివర్సిటీ మంచిదో చెప్పమన్నావు. యూనివర్సిటీ సంగతి ఆఖర్న చూసుకోవచ్చమ్మా. కోర్సు అయిపోయాక ఏ దేశంలో, ఏ కోర్టులో నిలబడి వాదించబోతున్నావో అది ముందు తేల్చుకో. తేలేదాకా మీ నాన్న చేత ఒక్క రూపాయి కట్టించకు. అన్నయ్యతో ఫోన్లో ఇదే మాట అన్నాను.

ఎందుకంటున్నానో చెబుతా. మన ఇళ్లలో బారిస్టర్ అనగానే అందరికీ ప్రకాశం పంతులుగారు గుర్తొస్తారు. ఆయన రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా బాగా సంపాదిస్తున్నా, ఆ హోదాతో హైకోర్టులో వాదించే వీల్లేదు. అందుకే 1904లో ఇంగ్లండ్ వచ్చి చదివి, 1907లో బారిస్టరుగా మద్రాసు చేరారు. అప్పట్లో లండన్ పట్టా ఉంటే చాలు, హైకోర్టులో నిలబడొచ్చు. ఇప్పుడు అలా కుదరదు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 24వ సెక్షన్ తీసి చూడు. 1976 డిసెంబర్ 31 లోపు బార్‌లో చేరిన బారిస్టర్లకే, ఆ హోదా మీద ఇండియాలో అడ్వకేటుగా నమోదయ్యే హక్కు ఇచ్చింది. నువ్వు తిరిగొచ్చి అమరావతిలో హైకోర్టులో వాదించాలన్నా, నీ దగ్గర పనికొచ్చేది మన లా డిగ్రీ, స్టేట్ బార్ కౌన్సిల్ నమోదు, ఆల్ ఇండియా బార్ పరీక్ష. లండన్ కోర్సు వల్ల నైపుణ్యం వస్తుంది, పేరు పక్కన ఒక మాట వస్తుంది, అంతవరకే.

ఇక్కడే ప్రాక్టీసు చేయాలనుకుంటే దారి వేరు. ఇంగ్లండ్, వేల్స్‌లో డిగ్రీ తర్వాత బార్ కోర్సు, దాని తర్వాత ప్యూపిలేజీ. అంటే అనుభవమున్న బారిస్టర్ దగ్గర పన్నెండు నెలల శిక్షణ. మొదటి ఆరు నెలలు చూసి నేర్చుకోవడం, తర్వాతి ఆరు నెలలు సొంతంగా కోర్టుకు వెళ్లడం. వీటన్నిటికీ నియమాలు పెట్టేది బార్ స్టాండర్డ్స్ బోర్డు. ఏటా సుమారు రెండు వేల మంది కోర్సులో చేరతారు. ప్యూపిలేజీలు ఐదారు వందలు మాత్రమే. అసలు టెన్షనంతా ఆ తేడాలోనే ఉంది. కోర్సులో సీటు దొరకడం పెద్ద కష్టం కాదు, ఎందుకంటే ఫీజు కట్టేవాళ్లు కాలేజీలకు కావాలి. కోర్సు పాసై, ఇన్ అనే బారిస్టర్ల సంఘంలో కాల్ అయి (అంటే బారిస్టరుగా పట్టా పుచ్చుకుని), ప్యూపిలేజీ దొరకనివాళ్లను అన్‌రిజిస్టర్డ్ బారిస్టర్లంటారు. వాళ్లు కోర్టులో వాదించకూడదు, బారిస్టర్నని చెప్పుకుని న్యాయసేవలు అందించకూడదు. కోర్సు పూర్తయిన ఐదేళ్లలోపు ప్యూపిలేజీ మొదలుపెట్టాలి కూడా. ప్రతి ఏడాదీ మన పిల్లలు కొందరు ఇది తెలియకుండా అప్పు చేసి వస్తున్నారు. చూసినప్పుడల్లా మనసు కష్టంగా ఉంటుంది.

ఫీజు ఒక్కటే సుమారు 13 వేల నుంచి 20 వేల పౌండ్లు. మన డబ్బుల్లో పద్నాలుగు లక్షలతో మొదలై ఇరవై లక్షలు దాటుతుంది. లండన్‌లో ఇంటద్దె, తిండి వేరు. అందుకని స్కాలర్‌షిప్ సంగతి ముందే చూసుకో. లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్ అని నాలుగు ఇన్‌లున్నాయి. బార్‌లోకి పిలిచే అధికారం వాటిదే, కోర్సు మొదలయ్యే లోపు ఏదో ఒకదాంట్లో సభ్యత్వం తీసుకోవాలి. స్కాలర్‌షిప్పులు ఇచ్చేదీ అవే. గడువు కోర్సుకు ముందు ఏడాది నవంబర్ మొదట్లో ముగుస్తుంది, ఒక్క ఇన్‌కే దరఖాస్తు చేయాలి, ఇంటర్వ్యూ ఉంటుంది. కోర్సులో చేరాక అడుగుదాం అనుకుంటే ఆలస్యమైపోయినట్టే. ఏ ఇన్ గొప్పదని తల బద్దలు కొట్టుకోకు. తర్వాత ప్రాక్టీసులో ఎవరూ అడగరు.

ఖర్చు తగ్గించుకునే మార్గం ఇంకొకటి ఉంది. 2020లో బీపీటీసీ అనే పాత బార్ కోర్సు పోయి కొత్త కోర్సులొచ్చాయి. వాటిలో కొన్నిటిని రెండు భాగాలుగా చేయొచ్చు. ఇన్‌లు నడిపే ఐసీసీఏ అనే కాలేజీ కోర్సులో మొదటి భాగం సివిల్, క్రిమినల్ లిటిగేషన్, అంటే కేసులు నడిపే పద్ధతి. అది ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు. అది పాసయ్యాకే రెండో భాగానికి లండన్ రావాలి. నీలాంటి వాళ్లకు ఇది మేలు. విశాఖలో కూర్చుని ఈ చదువు నీకు పడుతుందో లేదో తెలుసుకుని, అప్పుడు పెద్ద మొత్తం కట్టొచ్చు. వీటన్నిటికంటే ముందు మన డిగ్రీని బోర్డుకు చూపించి సర్టిఫికెట్ ఆఫ్ అకడమిక్ స్టాండింగ్ కోసం దరఖాస్తు పెట్టు. ఇక్కడి లా సబ్జెక్టులు మళ్లీ చదవాలో అక్కర్లేదో వాళ్లు చెబుతారు. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో ప్రతి విభాగంలోనూ 7.5 అడుగుతారు. రైటింగ్‌లోనే మనవాళ్లు ఎక్కువగా జారతారు, దాని మీద ఎక్కువ కష్టపడు. బీక్యాట్ అనే ఆప్టిట్యూడ్ పరీక్ష పుస్తకాలు ఎవరైనా అమ్మజూపితే కొనకు, 2022లోనే ఆ పరీక్ష ఎత్తేశారు.

ఇక కోర్సులో ఏం నేర్పుతారో రాస్తాను, నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే.

సివిల్, క్రిమినల్ లిటిగేషన్ పరీక్షలు బోర్డు పెట్టే ఆబ్జెక్టివ్ పరీక్షలు. చదివితే వస్తాయి. సాక్ష్యాల చట్టం మూలసూత్రాలు నీకు కొత్త కాదు గానీ, శిక్ష ఖరారు చేసే పద్ధతి కొత్తగా ఉంటుంది. ఇక్కడ సెంటెన్సింగ్ కౌన్సిల్ మార్గదర్శకాలుంటాయి. నేరంలో నిందితుడి తప్పు ఎంత, జరిగిన హాని ఎంత అని ముందు లెక్కగట్టి, మార్గదర్శకాల పట్టికలో దానికి తగిన గడిలో ఉన్న శిక్షతో మొదలుపెట్టి, పెంచే కారణాలు, తగ్గించే కారణాలు చూస్తారు. ‘దయ చూపండి మిలార్డ్’ అని గొంతు బొంగురు చేసుకుంటే పని జరగదు. ఏ గడి, ఎందుకు ఆ గడి అని చెప్పగలగాలి.

కోర్సు ప్రాణమంతా అడ్వకసీలో, అంటే కోర్టులో వాదించే నేర్పులో ఉంది. హ్యాంపెల్ పద్ధతి అని ఆస్ట్రేలియా జడ్జి ఒకరి పేరు మీద వచ్చిన శిక్షణ ఇక్కడ వాడతారు. నువ్వు కొద్ది నిమిషాలు వాదిస్తావు. శిక్షకుడు నీ తప్పుల్లో ఒక్కటే ఎంచుకుని దాని పేరు చెబుతాడు. నువ్వన్న మాటలు ఉన్నవున్నట్టు నీకే వినిపిస్తాడు. అది ఎందుకు తప్పో, ఎలా దిద్దుకోవాలో చెప్పి, తానే చేసి చూపించి, మళ్లీ నీ చేత చేయిస్తాడు. మా ఇన్‌లో కొత్తవాళ్లకు నేనూ ఇలాగే నేర్పుతుంటాను. మన దేశం నుంచి వచ్చినవాళ్లలో నేను ఎక్కువగా దిద్దేది రెండు అలవాట్లు. ఒకటి, క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, ఒకే ప్రశ్నలో మూడు విషయాలు కలిపేయడం. ‘నువ్వు రాత్రి తొమ్మిదికి అక్కడికెళ్లి, తాగి, వాణ్ణి కొట్టలేదా?’ అంటే సాక్షి ‘లేదండీ’ అంటాడు. మూడింటిలో దేనికి లేదన్నాడో ఎవరికీ తెలియదు. ఒక ప్రశ్నకు ఒకే విషయం, అదీ అవునో కాదో తప్ప ఇంకేం చెప్పలేనట్టు అడగాలి. రెండోది, జడ్జి ప్రశ్న అడిగితే దాన్ని అడ్డంకి అనుకుని ‘దానికే వస్తున్నానండీ’ అని దాటేయడం. జడ్జి అడిగిందంటే ఆమె మనసులో ఏ అనుమానం ఉందో నీకు చెప్పినట్టే కదా! అక్కడే ఆగి జవాబివ్వు, నోట్సు తర్వాత.

వృత్తి నీతి పాఠాన్ని చిన్నచూపు చూడకు. క్లయింటు నీ దగ్గర ‘నేనే చేశాను’ అని ఒప్పుకుని, కోర్టులో మాత్రం నేరం కాదనమన్నాడనుకో. ప్రాసిక్యూషన్ సాక్ష్యం సరిపోదని నువ్వు వాదించవచ్చు. వాడు చేయలేదని గానీ, ఇంకెవరో చేశారని గానీ చెప్పడానికి వీల్లేదు. కోర్టు పట్ల మనకున్న బాధ్యత క్లయింటు పట్ల ఉన్న బాధ్యత కంటే పైన. ఆ గీత ఎక్కడుందో ఒక్కోసారి నిమిషంలో తేల్చుకోవాల్సి వస్తుంది. తరగతిలో ఎన్ని ఉదాహరణల మీద కొట్లాడితే అంత మంచిది.

ఇక నీ సంగతి. నన్నడిగితే ఇప్పుడే బయల్దేరకు. ముందు నమోదు చేయించుకుని, విశాఖలోనే ట్రయల్ కోర్టులో బాగా క్రాస్ చేసే సీనియర్ దగ్గర చేరు. ఆ ప్రాక్టీసు ఊరికే పోదు. కోర్టుల్లో పూర్తి వాదన హక్కుతో కనీసం మూడేళ్లు క్రమంగా పనిచేసిన విదేశీ లాయర్లకు బోర్డు ఇక్కడి శిక్షణ నుంచి మినహాయింపులిచ్చి, బార్ ట్రాన్స్‌ఫర్ టెస్ట్ రాయనిచ్చే దారి ఉంది. ఎంత మినహాయింపన్నది ఒక్కొక్కరి అనుభవాన్ని బట్టి బోర్డే తేలుస్తుంది. ఆగలేను, వచ్చేస్తానంటే మాత్రం వీసా ఒకసారి ఆలోచించు. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు, ఇక్కడ ఛాంబర్స్‌లో, అంటే బారిస్టర్లు కలిసి నడుపుకునే ఆఫీసుల్లో, బారిస్టర్లంతా స్వయం ఉపాధివాళ్లే. ప్యూపిలేజీకి వేరే వీసా కావాలి. ప్యూపిలేజీ గేట్‌వే అనే దరఖాస్తుల వెబ్‌సైట్‌లో దరఖాస్తులు జనవరిలో మొదలై కొద్ది వారాల్లోనే ముగుస్తాయి. కోర్సులో చేరకముందే ఒక విడత పెట్టి చూడు. వేసవిలో నా దగ్గరికి వస్తే కొద్దిరోజులు మినీ ప్యూపిలేజీలకు, అంటే బారిస్టర్ల వెంట ఉండి పని చూడడానికి, తిప్పుతాను. కోర్టు వెనక వరసలో కూర్చుని చూడొచ్చు.

ఈ నెలాఖరు లోపు నాకు రెండు పంపు. ఏదైనా బెయిల్ కేసు కాగితాలు తీసుకుని రెండు పేజీల్లో నీ వాదన రాసి పంపు. అదే వాదన ఐదు నిమిషాల్లో చెప్పి ఫోన్లో రికార్డు చేసి పంపు. రెండూ ఇంగ్లిష్‌లోనే. దిద్ది పంపిస్తాను, మళ్లీ చేద్దువుగాని. వదినకు నా నమస్కారాలు చెప్పు.

నీ అత్త