సీప్యాప్ మిషన్ కోసం చీటీ పాడాలా?

ప్రశ్న: నా వయసు 47. కాకినాడలో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 58 వేలు వస్తాయి. గురక, పగలంతా కునుకుపాట్లు. పరీక్ష చేసి తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు) అన్నారు, రాత్రిపూట సీప్యాప్ మిషన్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపేది) పెట్టుకోవాలన్నారు. షాపువాళ్లు ట్రయల్‌కి ఇచ్చిన మిషన్‌తో వారం పడుకున్నాను. తెల్లారేసరికి నోరు పిడచకట్టుకుపోతోంది, ముక్కు మీద మాస్క్ అచ్చు పడి మండుతోంది. మిషన్ 65 వేలు. ఆఫీసు ఇన్సూరెన్స్ ఇవ్వనంది. 30 నెలల 3 లక్షల చీటీలో 8 నెలలు కట్టాను, ఇప్పుడు పాట 70 వేల దాకా పోతోంది. పాడి కొనమంటారా? అమ్మాయి ఫీజుకని దాచిన 2 లక్షల ఎఫ్‌డీ తీయడం ఇష్టం లేదు.

జవాబు: చీటీ పాడకండి. 65 వేల అవసరానికి 70 వేలు వదులుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే. అలాగని వైద్యం వాయిదా వేయకండి. తీవ్రమైన ఆప్నియాను వదిలేస్తే బీపీ అదుపులో ఉండటం కష్టం, బండి మీద కునుకు పడితే ప్రాణానికే ముప్పు.

ముందు ఒకటి రెండు నెలలు మిషన్ అద్దెకు తీసుకోండి. తర్వాత అక్కడే కొంటే, కట్టిన అద్దెను మిషన్ ధరలోంచి తగ్గిస్తారేమో అడిగి, కాగితం మీద రాయించుకోండి. మాస్క్ కుదరక విసుగొచ్చి మిషన్ని బీరువాలో పెట్టేసేవాళ్లు చాలామంది. 65 వేలు పోతాయి, జబ్బు మిగులుతుంది. నా భయం అదే.

మీరు రాసిన రెండు బాధలూ చాలావరకు మాస్క్‌తో వచ్చేవే. నోరు పిడచకట్టుకుపోతోందంటే, నిద్రలో నోరు తెరుచుకుని గాలి అటు పోతూ ఉండొచ్చు. మీది ముక్కుకే పెట్టే మాస్క్ అయితే నోటిని కూడా కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ పెట్టి చూడండి. గాలిని వెచ్చగా, తేమగా చేసే హ్యూమిడిఫయర్ కూడా ఉండాలి. ముక్కు దిబ్బడ ఉంటే డాక్టరుకు చెప్పండి. ముక్కు మీద అచ్చు పడేది మామూలుగా సైజు కుదరనప్పుడు, లీకు ఆపాలని పట్టీలు బిగించేసినప్పుడు. షాపులో కూర్చుని పెట్టుకుని సరిపోయిందనుకోకండి. అక్కడే పడుకుని, మిషన్ ఆన్ చేయించి, రెండు పక్కలకీ తిరిగి చూడండి. మీసం ఒత్తుగా ఉన్నా గాలి లీకవుతుంది. పడుకోగానే గాలి ఒక్కసారిగా కొడుతున్నట్టుంటే ర్యాంప్ సెట్టింగ్ పెట్టించుకోండి, ఒత్తిడి మెల్లగా పెరుగుతుంది. అసలు ఒత్తిడి ఎంతుండాలో మాత్రం డాక్టరే చెప్పాలి. మాస్క్‌కి రెండు మూడు వేలు ఎక్కువైనా వెనకాడకండి.

నెలయ్యాక మిషన్ రిపోర్టు తీయించండి. రోజూ ఎన్ని గంటలు వాడారో, లీకు ఎంతో అందులో ఉంటుంది. చాలా రాత్రులు 4 గంటలు దాటుతుంటే కొనేయండి.

డబ్బుకి ఎఫ్‌డీ తీసేయక్కర్లేదు, దాని మీద బ్యాంకులో లోన్ తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ వేస్తారు. ఎఫ్‌డీ వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది కాబట్టి, 65 వేల మీద ఏడాదికి అదనంగా పడేది 650 నుంచి 1,300 రూపాయలు. నెలకు 6 వేలు కడితే ఏడాదిలో తీరిపోతుంది, అమ్మాయి ఫీజు డబ్బు అలాగే ఉంటుంది. మాస్క్ కుషన్, ఫిల్టర్లు, ట్యూబు మార్చడానికి నెలకు వెయ్యి విడిగా పక్కన పెట్టండి.

చౌకగా వస్తోందని సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు జాగ్రత్త. లోపలి ఫోమ్ పాడై ఊపిరితో లోపలికి వెళ్లే ప్రమాదం ఉందని ఫిలిప్స్ కంపెనీ 2021 జూన్‌లో తన పాత మోడళ్లు ఎన్నో వెనక్కి పిలిచింది. అలాంటివి చేతులు మారి ఎక్కడైనా తేలొచ్చు.

ఇన్సూరెన్స్ కంపెనీతో మిషన్ ఖరీదు గురించి పోరాడి ప్రయోజనం తక్కువ. చాలా పాలసీల్లో చెల్లించని వస్తువుల్లో సీప్యాప్ పరికరం కూడా ఉంటుంది. ఆఫీసు పాలసీ ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత పాలసీ ఒకటి తీసుకోండి. ప్రపోజల్ ఫారంలో ఆప్నియా సంగతి దాచకండి, రిపోర్టు జత చేయండి. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) ఇప్పుడు గరిష్ఠంగా 3 ఏళ్లే. 47కే మొదలుపెడితే 50కల్లా అది అయిపోతుంది.