పాత కారుకి రిమోట్ సైడ్ మిర్రర్లు: డ్రిల్లు పట్టే ముందు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

లోపల కూర్చునే తిప్పుకునే సైడ్ మిర్రర్లు తెప్పించావని అక్క చెప్పింది. మంచి పని చేశావు. కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి మిర్రర్ సరిచేసుకునే అవస్థ తప్పుతుంది. అయితే అప్పుడే డ్రిల్లు పట్టకు. మిర్రర్ ఎక్కడ బిగించాలో తలుపు బయట చూస్తే తేలదు, లోపల చూస్తేనే తేలుతుంది.

ముందు డోర్ ప్యాడ్, అంటే తలుపు లోపలి వైపు కప్పే అట్ట, విప్పు. గ్లాస్ తిప్పే హ్యాండిల్‌కి స్క్రూ కనబడకపోతే దాని వెనకాల గుర్రపు నాడా ఆకారంలో ఓ క్లిప్పు ఉంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి పొడిచావంటే ప్యాడ్ చిరుగుతుంది. ఓ గుడ్డపీలిక హ్యాండిల్ వెనక దూర్చి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ రాస్తూ లాగు, క్లిప్పు ఊడి వస్తుంది. ఒక్కోసారి ఎగిరి పడుతుంది, ఎక్కడ పడిందో కనిపెట్టుకో. ప్యాడ్ వెనకున్న ప్లాస్టిక్ షీటు చిరక్కుండా ఊడదీసి మళ్ళీ అలాగే అతికించాలి. తలుపులోకి దిగిన వాననీరు ప్యాడ్‌ని తడపకుండా ఆపేది అదే.

ఇప్పుడు గ్లాస్ పూర్తిగా దించి, ఎత్తి, అది తిరిగే దారంతా గమనించు. మీట నుంచి మిర్రర్ దాకా వెళ్ళే కేబుల్ ఆ దారిలోకి రాకూడదు. 1960, 70 దశకాల అమెరికన్ కార్లలో వచ్చిన కేబుల్ రకమే నీదీ అయితే లోపల మూడు సన్నని ఉక్కు తీగలుంటాయి. లోపల నువ్వు తిప్పే మీటని ఓ పక్కకి వంచితే ఆ పక్క తీగ బిగుసుకుని మిర్రర్‌ని లాగుతుంది, మిగతావి వదులవుతాయి. కేబుల్‌ని మడతపెట్టినట్టు వంచితే మీట బరువెక్కుతుంది, చివరికి తీగ తెగుతుంది. అందుకని వంపు ఎప్పుడూ విశాలంగా ఉండాలి. మిగిలిన పొడవుని లోపలి రేకుకి క్లిప్పులతో కట్టేయి, వేలాడనివ్వకు.

దారి కుదిరాక సీట్లో మామూలుగా కూర్చో. ఎవరినైనా మిర్రర్ పట్టుకోమని, ముందు స్తంభం గానీ తలుపు ముందు మూలనుండే చిన్న వెంటిలేటర్ గ్లాస్ అంచు గానీ అడ్డురాని చోటు చూడు. వెంటిలేటర్ తెరిచి కూడా చూడు. తలుపు రేకుకి ఇంతవరకూ ఒక్క రంధ్రమూ పడకుండా, రంగు కూడా ఫ్యాక్టరీదే అయితే, నా మాట విని రంధ్రం చెయ్యకు. అంచుకి బిగించే మామూలు మిర్రర్‌తో సరిపెట్టుకో. పాత మిర్రర్ తాలూకు రంధ్రాలుంటే మాత్రం కొత్త మిర్రర్ దిమ్మ (తలుపుకి ఆనే అడుగుభాగం) వాటిని కప్పేలా చూసుకుని నిశ్చింతగా మొదలుపెట్టు.

డ్రిల్ చేసేటప్పుడు గ్లాస్ పూర్తిగా ఎత్తి ఉంచు. మాస్కింగ్ టేపు వేసి, గుర్తు పెట్టి, సెంటర్ పంచ్ అనే మొనదేలిన ఉక్కు పనిముట్టుతో చిన్న గుంట కొట్టు, లేకపోతే బిట్ జారి రంగంతా గీసేస్తుంది. సన్న బిట్‌తో మొదలుపెట్టి మీట కొస దూరేంత వరకూ పెంచుకుంటూ పో. అంచులు ఆకురాయితో నునుపు చేసి, బయటపడ్డ ఇనుముకి ప్రైమరూ రంగూ వెయ్యి. రాలిన రజను అయస్కాంతంతో ఏరెయ్యి. తలుపు అడుగున నీరు పోయే కన్నాల దగ్గర అది పేరుకుంటే తుప్పు అక్కడే మొదలవుతుంది. దిమ్మ కింద రబ్బరు ప్యాడ్ తప్పనిసరి. లోపలి వైపు ఓ రేకుముక్క ఆనించి బిగించు. ఈ మిర్రర్లు బరువుగా ఉంటాయి, పల్చటి తలుపు రేకు ఒక్కటే మోస్తే ఇంజిన్ ఆన్ చెయ్యగానే వెనకబండి వణుకుతూ కనిపిస్తుంది.

రెండో వైపు సంగతి వేరు. మీట అటు తలుపు మీదుంటే నీ చెయ్యి అందదు, డాష్‌బోర్డు మీదికి తెస్తే తలుపు తెరిచినప్పుడల్లా కేబుల్ వంగుతుంది. ఆ వైపుకి మోటారు మిర్రరే మేలని నా అభిప్రాయం. వైర్లు తలుపు సందులో రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) గుండా కాస్త వదులుగా రావాలి, సప్లైకి ఫ్యూజు ఉండాలి. కొనేముందు బ్యాటరీ చూడు. మోటార్లు సాధారణంగా 12 వోల్టులవి, కొన్ని పాత కార్లు 6 వోల్టులవి, కొన్నింట్లో బాడీకి పాజిటివ్ కలిపి ఉంటుంది.

ప్యాడ్ విప్పాక గ్లాస్ దించినప్పుడొకటి, ఎత్తినప్పుడొకటి ఫోటోలు తీసి పంపు. కేబుల్ దారి నేనూ చూసి చెప్పాకే డ్రిల్లు తియ్యి.

మీ మామయ్య