95 శాతం గురి, అయినా తప్పింది

ప్రశ్న: అన్నయ్యా, సెలవుల్లో ‘బ్యాటిల్ బ్రదర్స్’ అనే కంప్యూటర్ గేమ్ కొందామనుకుంటున్నాను. నా పాత ల్యాప్‌టాప్‌లో ఆడుతుందా? డబ్బులు దండగ కావు కదా?
– ఒక డిగ్రీ విద్యార్థి, రాయగడ

జవాబు: కొనుక్కో తమ్ముడూ. టూడీ బొమ్మలే కాబట్టి పాత ల్యాప్‌టాప్‌కి పెద్ద బరువు కాదు. జర్మనీలోని ఓవర్‌హైప్ స్టూడియోస్ అనే చిన్న జట్టు 2017లో తెచ్చింది. కిరాయి సైనికుల దండును నడపాలి. వాళ్ల రోజు జీతం, తిండి మనమే చూడాలి. వంతులవారీ ఆట కదా, ఇక్కడ పర్లాకిమిడిలో అమ్మ అన్నానికి పిలిస్తే లేచి వెళ్తాను, శత్రువు కదలడు.

నాకు ప్రాణం ఆ మనుషులే. చవగ్గా వచ్చాడని ఒక రైతుకూలీని చేర్చుకున్నాను. పొడవాటి ఈటె ఇచ్చి రెండో వరుసలో నిలబెట్టాను. పది పోరాటాలయ్యేసరికి దండుకి వాడే దిక్కు. ఓ రాత్రి ఓర్క్ అనే రాక్షసుడి దెబ్బకి పోయాడు. పోయినవాడు మళ్లీ రాడు. చాలాసేపు మౌస్ ముట్టుకోలేకపోయాను.

లోపాలు లేవనను. గురి తగిలే అవకాశం 95 శాతం మించదు, ఆ మిగిలిన 5 లోనే ఒక్కోసారి కొంప మునుగుతుంది. పోరాటం మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు. మా వీధిలో కరెంటు పోయి గంటసేపటి యుద్ధం మొదటికొచ్చింది. పోనుపోను దండుకి దొరికే పనులు ఒకేలా అనిపిస్తాయి.

మొదటిసారి ఐరన్‌మ్యాన్ పెట్టుకోకు, అందులో పాత సేవ్‌కి వెనక్కి వెళ్లలేం. ముందు డాళ్లు కొను.