ఆచారం పేరుతో పాపకు ఖత్నా: తల్లి ఆపగలదా?

ప్రశ్న: మాది సికింద్రాబాద్‌లో స్థిరపడిన దావూదీ బోహ్రా (షియా ముస్లింలలో ఒక శాఖ) కుటుంబం. వేసవి సెలవుల్లో మా 7 ఏళ్ల పాపను ముంబై తీసుకెళ్లి ఖత్నా (ఆడపిల్లల జననాంగాన్ని కోసే ఆచారం) చేయించాలని అత్తగారు పట్టుబడుతున్నారు. నిషేధించే చట్టమే లేదని, ఇది మా మతస్వేచ్ఛ అని మావారు అంటున్నారు. నేను ఆపగలనా?

జవాబు: ఆపగలరమ్మా. ఖత్నాను పేరు పెట్టి నిషేధించిన ప్రత్యేక చట్టం మన దేశంలో లేదన్నది నిజమే కానీ, అంతమాత్రాన అది చట్టసమ్మతం కాదు. పసిపిల్ల జననాంగాన్ని బ్లేడుతో కోయడం భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ కిందికి, అంటే కోసే సాధనంతో గాయపరచడం కిందికి వస్తుంది. చిన్న గాటే కదా అన్నంత మాత్రాన నేరం నేరం కాకుండా పోదు. న్యాయ సంహితకు ముందున్న ఐపీసీ, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టాల కింద ఇది ఇప్పటికే నేరమని 2018లో అప్పటి అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ సుప్రీంకోర్టుకు చెప్పారు. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు కదా అన్న వాదన కూడా నిలవడం కష్టం. సంరక్షకుల సమ్మతికి న్యాయ సంహిత 27వ సెక్షన్ ఇచ్చే రక్షణ బిడ్డ మేలు కోసం సద్భావంతో చేసే పనికే పరిమితం. ఖత్నా వల్ల ఆరోగ్యపరంగా ఏ ప్రయోజనమూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. మీరు సరేనంటే మీరూ నిందితురాలు కావచ్చు.

మతస్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 25వ అధికరణమే ఆ స్వేచ్ఛను ఆరోగ్యానికి, నైతికతకు, ఇతర ప్రాథమిక హక్కులకు లోబరిచింది. ఈ ఆచారంపై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని 2018లో రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించారు, నిజమే. అయితే మీ పాప సెలవులు ఆ తీర్పు కోసం ఆగవు.

మీ అత్తగారిని నేను దుర్మార్గురాలిగా చూడడం లేదు. చిన్నతనంలో ఆమెకూ ఇదే జరిగి ఉండవచ్చు, ఆచారం తప్పితే మనవరాలికి నలుగురిలో మాట వస్తుందన్న భయమూ ఉండవచ్చు. ఓపికగా మాట్లాడండి, కానీ ఈలోగా పాపను ఆమె వెంట ఒంటరిగా ఎక్కడికీ పంపకండి.

మాట వినకపోతే గృహహింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద, మీ తరఫునా పాప తరఫునా, మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు వేయండి. పాపను ఖత్నాకు తీసుకెళ్లరాదని 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు, 21వ సెక్షన్ కింద తాత్కాలిక సంరక్షణ కోరవచ్చు. వ్యవధి లేకపోతే 23వ సెక్షన్ కింద అవతలివారిని వినకముందే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ప్రయాణం గురించి అత్తగారు పెట్టిన వాట్సాప్ సందేశాలను చెరిపేయకండి, అవే మీ ముఖ్యమైన సాక్ష్యం. మీకు తెలియకుండా పాపను బయలుదేరదీస్తే ఆ క్షణమే 1098 (చైల్డ్ హెల్ప్‌లైన్)కు, 112 (అత్యవసర సేవ)కు ఫోన్ చేయండి.